గఫూర్ ఇంటి తలుపు

అమ్మవారు వచ్చి ఉన్న మనిషిని గడప దాటించకూడదు. మరి ఆ గడపకున్న తలుపునే ఊడదీసి, దానిమీద మనిషిని పడుకోబెట్టి మోసుకుపోతే, దాటించినట్టా కాదా? ఈ సందేహం ఆరేళ్ళు నా వెంట తిరిగింది. మా ఊరి అయ్యగారిని అడిగాను. ఆయన "గీ సంగతి ఏ పుస్తకంల రాసి లేదు రాజేశ్వర్" అన్నాడు. భజనకు వచ్చిన పెద్దలను అడిగాను. ఒకరు దాటించినట్టే అన్నారు, ఒకరు కాదన్నారు. అంతలో ఎవరో తాళాలు అందుకున్నారు, పాట మొదలైంది. నేను నాలుగో తరగతి వరకే చదివినవాణ్ణి. పొద్దున దీపం వెలిగించనిదే గంజి ముట్టనివాణ్ణి. తీర్పు చెప్పే తెలివి నాకు లేదు. జరిగింది మాత్రం చెప్పగలను.

నలభై రెండో సంవత్సరం, చైత్రమాసం. మా నాన్న పోతూ పోతూ పండరిపురం యాత్ర మొక్కు ఒకటి మాకు వదిలిపోయాడు. అది తీర్చడానికి ఎల్లారెడ్డి పక్కనున్న మా ఊరి నుంచి మూడు బండ్లు కట్టుకొని బయలుదేరాం. ఒకదాంట్లో నేను, మా అవ్వ భూమవ్వ, నా భార్య సాయవ్వ. మా వైపు తల్లినే అవ్వ అంటాం. మిగతా రెండు బండ్లలో మా బావ వెంకట్రాములు, ఊరివాళ్ళు. ఏకాదశి నాటికి విఠలుని పాదాలు ముట్టుకోవాలని అందరి ఆత్రం.

బాన్సువాడ చేరేసరికి ఎడ్ల లాడాలు అరిగిపోయాయి. బజారు చివర లాడాలు కొట్టే గఫూర్ ఇంటి ముందు బండ్లు ఆపాం. గఫూర్‌కు నా ఈడే ఉంటుంది. ఎద్దు కాలెత్తి చూసి నావైపు తిరిగాడు.

"ఏందన్నా, ఎడ్లను యాత్రకు తోలుకపోతున్నవా, సావుకు తోలుకపోతున్నవా? గిట్లనా అరగదీసేది?"

బండిలోంచి సాయవ్వ తల బయటికి పెట్టింది. దానికప్పుడు పందొమ్మిదేళ్ళు. నోరు ఊరుకోదు.

"ఎడ్లకు కొట్టినంక రెండు లాడాలు మిగుల్చు గఫూరన్నా. మా అత్తమ్మ గుడి దాకా నడుస్త అని పంతం పట్టింది. ఆమెకు గూడ కొట్టుదువు."

"సూడు దీని నోరు!" అంది మా అవ్వ. అంటూనే నవ్వింది. గఫూర్ తల్లి రహీమున్నిసా వాకిట్లో జొన్నలు చెరుగుతూ చాటలో మొహం దాచుకొని నవ్వింది.

అది పొద్దున. పగటి భోజనాల వేళకు సాయవ్వ కొంగు మొహం మీద కప్పుకొని పడుకుంది. తల పగిలిపోతుందంది. ఎండదెబ్బ అనుకున్నాం. ఉల్లిగడ్డ దంచి అరికాళ్ళకు రుద్దాం. తాగిన మజ్జిగ తాగినట్టే కక్కింది. పొద్దు వాలే వేళకు ఒళ్ళు పెనంలా కాలింది. బండి మీది చెట్టాకుల సందులోంచి వచ్చే వెలుగు కూడా తన కళ్ళకు సూదిలా గుచ్చుకుంటోందని ఏడ్చింది.

"బండిల పండుకోబెట్టొద్దు బిడ్డా" అంది రహీమున్నిసా. "గీ ముందర అర్రల ఏమున్నది, ఇనుప సామాను తప్ప? లోపలికి తేండ్రి."

అలా ఆ ఇంట్లో దిగాం. ముందు గదికి ఒకే రెక్క తలుపు. పాతకాలపు టేకు. ఇనుప బందుల్లేవు. కింద ఒకటి, పైన ఒకటి కొయ్య మొనలు, వాటిమీదే తిరుగుతుంది. తెరిచినప్పుడల్లా కిర్రుమనేది. ఆ చప్పుడుకు సాయవ్వ చెవులు మూసుకునేది. గఫూర్ అది చూసి, ఎవరూ చెప్పకుండానే కింది మొన దగ్గర ఇంత ఆముదం పోశాడు.

మర్నాడు తెల్లవారగానే మా అవ్వ సాయవ్వ రవిక చేతులు పైకి జరిపి చూసి, ఒక్కసారి వెనక్కి తగ్గింది. రెండు చేతులూ జోడించింది.

"తల్లీ! గీ పరాయి ఊర్ల వచ్చినవా?"

మోచేతుల మీద, తొడల మీద ఎర్రటి మచ్చలు. కొన్ని అప్పటికే నేరేడుపండు రంగుకు తిరిగాయి. మా చెల్లెలు అలాగే పోయింది, దాని ఏడో ఏట.

ఇక మా అవ్వ చేయవలసినవన్నీ చేసింది. వేపకొమ్మ తెచ్చి తలుపుకు కట్టింది. సాయవ్వ తల దగ్గర వేపాకు పరిచింది. గదిలో చెప్పులు వద్దంది, పొయ్యి మీద తాలింపు వద్దంది. "మందు మాట ఎత్తొద్దు. సూది మాట ఎత్తొద్దు. కొమ్మ ఉన్నన్ని దినాలు పిల్ల గడప దాటొద్దు. తల్లి సల్లబడి దిగినంక, ఏ గడపకు కట్టిన కొమ్మను ఆ గడప కాడనే విప్పి సాగనంపాలె" అంది. పరాయి ఇంట్లో ఇదంతా చేస్తున్నందుకు రహీమున్నిసా వైపు భయంగా చూసింది. ఆమె, "మాకూ తెల్వదా అక్కా, కట్టుకో" అంది.

వెంకట్రాములు బావ వాకిట్లోనే నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"ఏకాదశి మన కోసం ఆగదు బావా" అన్నాడు నాతో. "తల్లి వచ్చిన కాడ నలుగురం ఉండి ఏం జేస్తం? నీ పేరు మీద నేను దండం పెట్టొస్త."

తప్పు పట్టలేదు. నేనే అతని చోట ఉంటే ఏం చేసేవాణ్ణో! రెండు బండ్లూ బిచ్కుంద తొవ్వ పట్టాయి. వాటి దుమ్ము అణిగేదాకా చూసి లోపలికి వచ్చాను.

పగలు పన్నెండు కావస్తుండగా సాయవ్వ కళ్ళు తెరిచింది. నన్ను చూసింది కానీ ఆ చూపు నా దగ్గర ఆగలేదు. గట్టిగా, వాకిట్లోకి వినబడేలా పిలిచింది:

"రాజేశ్వర్! నీళ్ళు తే రాజేశ్వర్!"

పెళ్ళయి నాలుగేళ్ళు. నా పేరు దాని నోట ఎన్నడూ వినలేదు. మా వైపు ఏ ఆడది మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తుంది? జ్వరం చూసి, మచ్చలు చూసి భయపడ్డవాణ్ణే. కానీ ఆ పిలుపుకు పడ్డంత భయం నేను జన్మలో పడలేదు. లోపలున్నది సాయవ్వ కాదనిపించింది.

"తల్లి నిన్ను పేరు వెట్టి పిలుస్తుంది" అంది మా అవ్వ. "నీళ్ళు తీస్కపోయి తాపు."

చెంబు తెస్తూ సగం నీళ్ళు కింద పోశాను. రహీమున్నిసా నా చేతిలోంచి చెంబు తీసుకొని సాయవ్వ పక్కన కూర్చుంది. తాగించడానికని మెడ కింద చెయ్యి పెట్టి తల ఎత్తబోయింది. తల వంగలేదు. మెడా వీపూ కలిసి చెక్కలా లేచాయి. సాయవ్వ అరిచిన అరుపుకు కట్టేసిన ఎద్దులు బెదిరాయి.

రహీమున్నిసా మెల్లగా తల కిందికి దించింది. ఒక మచ్చ మీద వేలితో ఇటునుంచి అటు రాసింది. మళ్ళీ రాసింది. లేచి బయటికి వచ్చి నన్ను పక్కకు పిలిచింది.

"బిడ్డా, నేను ఇద్దరు పిల్లలకు మాత వస్తే చేసిన. మాత పొక్కులు వేలికి తగుల్తయి, శనగ గింజల తీర్గ. గివి తగుల్తలేవు. పెయ్యి లోపల రక్తం మచ్చలు. నా పెద్ద కొడుకు, గఫూర్ కంటె పెద్దోడు, నాందేడ్‌ల పనికి పోయి గిట్లనే పండిండు. గిట్లనే మెడ కట్టె అయింది. గర్దన్ తోడ్ బుఖార్ అన్నరు. మెడను ఇరిచే జ్వరం. మేం తాయెత్తు కట్టించినం. రెండో దినం పొద్దు మునగలే."

"దవాఖానకు తీస్కపోదాం అన్నా" అన్నాడు గఫూర్. "కొత్త డాక్టర్ సాబ్ వచ్చిండు."

మా అవ్వ గడపకు అడ్డంగా కూర్చుంది.

"నన్ను దాటి తీస్కపోతవా? తల్లికి కోపం వస్తే పిల్ల దక్కుతదా? నీ చెల్లె అప్పుడు మీ నాయన గిట్లనే పట్నం డాక్టర్ అని ఎత్తుకపోయిండు. తొవ్వల్నే పాయె. మర్చినవా?"

మరిచిపోలేదు. అదే నా భయం. తీసుకుపోతే తల్లికి కోపం. తీసుకుపోకపోతే రహీమున్నిసా చెప్పిన రెండో దినం ఇదే. విఠలా అని మొక్కబోయాను. నోటికి ఆ పేరు రాలేదు. చిన్నప్పుడు బడిలో వల్లెవేసిన ఎక్కాలు వచ్చాయి. ఎనిమిది దాకా చదివి ఆగిపోయాను. ఎదురుగా తలుపు, దానికి వేపకొమ్మ.

"గఫూర్ భాయ్" అన్నాను. "తలుపు ఊడొస్తదా?"

"ఎత్తితే వస్తది."

ఇద్దరం చెరొక పక్కా పట్టి ఎత్తాం. పై మొన జారింది, కింది మొన బయటికి వచ్చింది. వేపకొమ్మ కట్టింది కట్టినట్టే ఉంది. గదిలో నేల మీద తలుపు పరిచి, బొంత వేసి, సాయవ్వను పక్కలు కదలకుండా దానిమీదికి జరిపాం.

"ఏం జేస్తున్నవురా?" అంది మా అవ్వ.

"కొమ్మను ఇప్పుతలేను అవ్వా. తలుపుతోనే పోతున్న. తల్లి యాడ కూసున్నదో ఆడనే ఉంటది."

మా అవ్వ నా మొహం చూసింది, కొమ్మను చూసింది. తర్వాత మోకాళ్ళ మీద చేతులూని లేచింది. మూలనున్న నీళ్ళ కడవ చంకనెత్తుకుంది. అందులో నాలుగు వేపాకులు వేసింది.

"ముందర నేను నడుస్త" అంది.

ఎండ నిప్పులు చెరుగుతోంది. ముందు మా అవ్వ కడవలో నీళ్ళు దోసిలితో చల్లుకుంటూ, "తప్పుకోండ్రి! తల్లి వస్తున్నది, తప్పుకోండ్రి!" అని అరుచుకుంటూ. వెనక తలుపు మోస్తూ నేనూ గఫూరూ. మరో ఇద్దరుంటే బరువు తగ్గేది, కానీ వేపకొమ్మ చూసి ఎవరు పట్టుకుంటారు? బజారంతా గోడలకు అంటుకుపోయింది. రహీమున్నిసా తన దుప్పటిని రెండు చేతులా పట్టి సాయవ్వ కళ్ళకు నీడ పట్టుకొని నడిచింది. నా భుజం చీరుకుపోయిన సంగతి మర్నాటి దాకా తెలియలేదు.

దవాఖాన మెట్ల మీద కంపౌండర్ చేతులు అడ్డం పెట్టాడు. "మాత రోగం లోపలికి తేవద్దు. వెనక పాకల పెట్టుండ్రి."

అరుపులకు డాక్టర్ సాబ్ బయటికి వచ్చాడు. సన్నటి మనిషి, కళ్ళద్దాలు. వంగి, సాయవ్వ మెడ కింద చెయ్యి పెట్టాడు. తర్వాత మచ్చ మీద వేలితో అదిమాడు. లేచి, "లోపలికి" అన్నాడు.

వీపులో సూది వేయాలన్నాడు. సాయవ్వను పక్కకు తిప్పి, మోకాళ్ళు ఛాతీకి ఆనేలా ముడిచి నన్ను పట్టుకోమన్నాడు. కదిలితే ప్రమాదమన్నాడు. నేను కళ్ళు మూసుకొని పట్టుకున్నాను. నా గుండె చప్పుడుకే తను కదులుతుందేమోనని భయం వేసింది. కళ్ళు తెరిచేసరికి డాక్టర్ సాబ్ చేతిలో గాజు గొట్టం ఉంది. అందులో నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లగా ఉన్నాయి.

"ఇది మంచి నీళ్ళ తీరు తేటగుండాలె" అన్నాడు. "మెదడు చుట్టు చీము పట్టింది."

"బతుకుతదా సాబ్?"

"మొన్న మొన్నటి దాకా పదిలో ఏడుగురు పోయేది. ఇప్పుడు కొత్త గోలీలు వచ్చినయి. లడాయి వల్ల దొరుకుతలేవు. నా దగ్గర రెండు దినాలకున్నయి. ఆ మాట రేపు ఇదే యాళ్ళకు అడుగు."

దవాఖానలోని ఇనుప మంచాలు నడుమ కుంగిపోయి ఉన్నాయి. పిల్లను తలుపు మీంచి దింపనని మా అవ్వ పట్టుబట్టింది. వీపు చదునుగా ఉండటమే మంచిదని డాక్టర్ సాబ్ ఇటుకల మీద తలుపు పెట్టించాడు. ఇద్దరి మాటా నెగ్గింది. వేపకొమ్మ వైపు వేలు చూపిస్తూ కంపౌండర్ ఏదో అనబోయాడు. "ఉండనియ్యి" అన్నాడు డాక్టర్ సాబ్.

నాలుగు గంటలకోసారి గోలీ నూరి నీళ్ళలో కలిపి తాగించాలి. మొదటిసారి నేను నూరుతుంటే మా అవ్వ మొహం తిప్పుకుంది. రెండోసారి వచ్చి పక్కన కూర్చుంది. మూడోసారి నా చేతిలోంచి గిన్నె తీసుకొని, అందులో ఒక వేపాకు తిప్పి తీసి, "తాగు తల్లీ" అని తనే తాగించింది. ఆ తర్వాత ఒక్క వేళ కూడా తప్పనివ్వలేదు. గఫూర్ డాక్టర్ చీటీ పట్టుకొని నిజామాబాద్ బస్సెక్కాడు. మిగతా గోలీలు తెచ్చేదాకా అన్నం తినలేదని రహీమున్నిసా చెబితే తెలిసింది.

మర్నాడు ఆ వేళకు అడగడానికి ధైర్యం చాలలేదు. నాలుగో నాటికి మచ్చలు పసుపురంగుకు తిరిగాయి. ఐదో నాడు పొద్దున సాయవ్వ నీరసంగా కళ్ళు తెరిచి, ముందు వేపకొమ్మను, తర్వాత నన్ను చూసింది.

"ఓ... గిటు" అంది. నేను దగ్గరికి జరిగాను. "పచ్చిపులుసు కావాలె."

అప్పుడు ఏడ్చాను. మా అవ్వ, రహీమున్నిసా నన్ను చూసి నవ్వారు.

బాగుపడటం మాత్రం వారాలు పట్టింది. కూర్చోబెడితే కళ్ళు తిరిగేవి. చెంబు పట్టుకుంటే చెయ్యి వణికేది. ఎడమవైపు నుంచి పిలిస్తే పలికేది కాదు. అలిగిందేమో అనుకున్నాను. డాక్టర్ సాబ్ చెవి దగ్గర గడియారం పెట్టి చూసి, "ఆ పక్క పోయింది. పీడ అంతటితో ఇడిసిందని సంతోషపడుండ్రి" అన్నాడు. పేరు పెట్టి పిలిచిన సంగతి చెబితే సాయవ్వ చెవులు మూసుకుంది. "అబద్ధం! నేనెందుకు పిలుస్త? తల్లే పిలిచి ఉంటది" అంది. అవునో కాదో నాకిప్పటికీ తెలియదు.

వైశాఖం చివర ఇంటికి పోవడానికి సెలవిచ్చారు. కానీ కుదుపు తగలకుండా, వీపు చదునుగా పోవాలి.

"తలుపు మీదనే పండుకోబెట్టుకపో" అన్నాడు గఫూర్. "మళ్ళ ఇటు వచ్చినప్పుడు తెచ్చియ్యి. మా ఇంట్ల ఏమున్నదన్నా, దొంగ వస్తే వాడే మాకు పెట్టిపోవాలె." గడపకు గోనెపట్టా వేలాడదీశాడు.

నేను తిరిగి ఇయ్యలేదు.

ఇవ్వకూడదని కాదు. మా అవ్వ ఆ తలుపును ఇంట్లో మూలకు నిలబెట్టి, పసుపు పూసి బొట్లు పెట్టింది. ఎండిన వేపకొమ్మ అట్లాగే ఉంది. రోజూ దీపం పెట్టేది. అడిగితే, "ఇప్పుడు తల్లిని కదిలిస్తవా? పిల్ల ఇంకా నడువనే నడువలే" అనేది. సాయవ్వ నడిచింది. కలుపు తీసింది. కొడుకును కన్నది. అయినా మా అవ్వకు భయం పోలేదు. నిజం చెప్పాలంటే నాకూ పోలేదు. ఆ తలుపు మూలన ఉన్నన్నాళ్ళు సాయవ్వకు తలనొప్పి అన్న మాట రాలేదు. తీస్తే ఏమవుతుందో! బాన్సువాడ అంగడికి పోయినప్పుడల్లా గఫూర్ ఇంటి వైపు కాకుండా వెనక సందు నుంచి తిరిగిపోయేవాణ్ణి. అలా ఆరేళ్ళు.

నలభై ఎనిమిదిలో మళ్ళీ చైత్రం వచ్చింది. ఆ ఏడు కాలం మంచిగా లేదు. ఎవరు ఎవరి మీద పడతారో తెలియక, పొద్దు వాలకముందే ఊళ్ళన్నీ తలుపులు బిగించుకుంటున్నాయి. ఎద్దులు అమ్మే లోక్యా మా వాకిట్లో చుట్ట కాల్చుకుంటూ బాన్సువాడ ముచ్చట చెప్పాడు.

"గఫూర్ కాడ లాడాలు కొట్టిచ్చిన. గాయన ఇంటికి ఇంక గోనెపట్టనే! కొత్త కోడలు వచ్చింది, అజీజా అంట. గీ దినాలల్ల పట్ట ఏం ఆగుతది? ముసల్ది గడపకు అడ్డం పండుకుంటుంది. కొత్త తలుపు చేపిచ్చుకోరాదా అంటే, తలుపు ఉండంగ ఇంకోటెందుకు, రాజేశ్వర్ తెస్తడు అంటడు."

నేను తల వంచుకున్నాను. గడపకు అడ్డంగా అన్న మాట దగ్గర మా అవ్వ బియ్యం ఏరడం ఆపింది. మర్నాడు తెల్లవారేసరికి తానం చేసి, కొత్త కుండలో పెరుగన్నం కలిపి, తలుపు ముందు నిలబడి ఉంది.

"బండి కట్టు" అంది. "తల్లిని వచ్చిన గడప కాడ్నే సాగనంపుదాం. ఆరేండ్లు ఆపుకున్న. నా భయానికి ఇంకొకరి ఇల్లు తెరిచిపెట్టిన."

సాయవ్వ ఒక చివర పట్టింది, నేను ఒక చివర పట్టాను. తనను మోసిన తలుపును తను మోయడం చూస్తూ బండి దాకా వెనక్కి నడిచాను.

గఫూర్ ఎద్దు కాలు పట్టుకొని ఉన్నాడు. బండిలో తలుపు చూసి కాలు వదిలేశాడు. గడ్డం అక్కడక్కడ నెరిసింది.

"దొంగ దొరికిండు అమ్మీ!" అని లోపలికి కేకేశాడు. "ఆరేండ్లకు దొరికిండు!"

రహీమున్నిసా గోనెపట్టా పక్కకు తీసి వచ్చింది. మా అవ్వ చేతులు పట్టుకుంది. ఇద్దరూ ముసలివాళ్ళయ్యారు. "అక్కా, లాడాలు కొట్టిచ్చుకుంటందుకు వచ్చినవా?" అంది. మా అవ్వ నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది.

గడప ముందు మా అవ్వ పెరుగన్నం పెట్టి, నీళ్ళు ధారగా పోసి, కొమ్మ కట్టిన తాడు విప్పింది. ఆకులెప్పుడో రాలిపోయాయి, పుల్ల మాత్రమే మిగిలింది. "సల్లగ పో తల్లీ. మమ్ముల మన్నించు" అని దాన్ని ఊరి బయటికి తీసుకుపోయింది. నేను సాయవ్వ మొహమే చూస్తున్నాను. అది ఎండకు కళ్ళు చికిలించినా నా గుండె ఆగింది. "ఏంది గట్ల చూస్తవు? ఎండ" అంది.

గఫూరూ నేనూ తలుపెత్తి కింది మొన గుంతలో పెట్టాం, పై మొన ఎక్కించాం. ఆరేళ్ళ పసుపు చెక్కలోకి ఇంకిపోయింది. "పసుపు గోకిస్త" అన్నాను. "మంచిగనే ఉన్నది, పురుగు పట్టదు" అంది రహీమున్నిసా. గఫూర్ కింది మొన దగ్గర ఇంత ఆముదం పోశాడు.

పొద్దు వాలకముందే ఊరు చేరాలని బండి కట్టాం. రహీమున్నిసా, అజీజా లోపలికి పోయారు. తలుపు పడింది. నేను పగ్గాలు పట్టుకొని కదలకుండా కూర్చున్నాను. అటువైపున్నది సాయవ్వకు వినబడని ఎడమ చెవి.

"గడియ పడ్డదా?" అని అడిగింది.

"ఆగు" అన్నాను.

లోపల కొయ్య మీద కొయ్య జరిగి ఆగిన చప్పుడైంది.

"పడ్డది" అన్నాను. ఎడ్లను అదిలించాను.